పిసరు మొదటిసారి నిలబడ్డ రోజు

ఆ పొద్దున మబ్బు బాగా కిందికి దిగి, పొలాల మీద తడి దుప్పటి ఆరేసినట్టుంది. తూర్పు వైపు మాత్రం దాని అంచు కాస్త పలచబడింది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలుస్తోంది గాని కనపడటం లేదు. గాలి లేదు. మా పొగగొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోకుండా ఇంటికప్పు మీదే చతికిలబడింది. ఇలాంటి పొద్దున వాసన నేలను వదలదు. పిట్ట నడిచిన చోటల్లా దాని జాడ గడ్డి మొదళ్ళలో అలాగే నిలిచి ఉంటుంది. కుక్కపిల్లకు మొదటిసారి తుపాకీ చప్పుడు వినిపించడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని కిటికీలోంచి చూడగానే అనుకున్నాను.

బూట్లు తొడుక్కుంటుంటే పిసరు వచ్చి, తాడు కొస నోట కరుచుకుని నా ముందు నిలబడింది. పోదామా అన్నట్టు.

పిసరు అని పేరు పెట్టింది నా భార్య. మా పాత వేటకుక్క దొరసాని ఆఖరి కాన్పులో బతికిన పిల్ల ఇదొక్కటే. పుట్టినప్పుడు నా పిడికిట్లో పట్టింది. ఇది బతకదని నేను బయటికి పోయి గొయ్యి తవ్వడానికి పార కూడా తీశాను. మా ఆవిడ దాన్ని నా ఉన్ని టోపీలో పెట్టి, పొయ్యి పక్కన కూర్చుని, గుడ్డ వత్తిని పాలలో ముంచి నోట్లో పెట్టింది. "పిసరంత ఉంది, అయినా ఎలా లాగుతోందో చూడండి" అంది. నేను పార ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఉన్ని టోపీ మాత్రం తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకు దొరసాని పోయింది. దాని ముక్కులాంటి ముక్కు నేను చూడలేదు. చేను ఈ గట్టున నిలబడి ఆ గట్టున దాక్కున్న కౌజు పిట్టను పసిగట్టేది. పసిగట్టి, ఎడమ ముందు కాలు మడిచి ఎత్తి, రాతిబొమ్మలా నిలిచిపోయేది. వేటగాళ్ళం దాన్నే కుక్క నిలబడటం అంటాం. ఆ ముక్కు ఇక ఈ భూమ్మీద ఎక్కడా లేదు, ఈ పిల్ల మొహాన తప్ప.

వేటకుక్కను తయారుచేయడంలో మా నాన్న నాకు చెప్పింది వరస ఒక్కటే. ముందు పేరు. తర్వాత ముక్కు. తర్వాత చప్పుడు. అన్నిటికన్నా ఆఖరున తుపాకీ. ఈ వరస తప్పితే ఎంత మంచి కుక్కయినా పాడవుతుంది, పాడైతే మళ్ళీ బాగుపడదు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం చెయ్యి పైకెత్తేవాడు.

పేరు పిసరుకు తొందరగానే వచ్చింది. ఈల కూడా. ఒక ఈలకు ఆగాలి, రెండు ఈలలకు నా దగ్గరికి రావాలి. ముక్కు కోసం ఓ కౌజు రెక్కను గేలం కర్రకు కట్టి పెరట్లో గడ్డిలో దాచేవాడిని. చప్పుడుకు తిండిని వాడుకున్నాను. అది కంచంలో మూతి పెట్టగానే నేను కొట్టం వెనక నిలబడి అల్యూమినియం మూతల్ని ఒకదానికొకటి చిన్నగా తగిలించేవాడిని. అది తల ఎత్తకపోతే మర్నాడు ఇంకాస్త దగ్గర. ఎత్తితే మళ్ళీ వెనక్కి. మూతల తర్వాత చెక్కలు. రెండు పలకలు కలిపి చరిస్తే అచ్చం తుపాకీ లాగే ఉంటుంది. అది కూడా ఆఖరికి కంచం పక్కనే చరిచాను. పిసరు చెవి కదిలించి, మూతి నాక్కుని, మళ్ళీ కంచంలోకి పోయింది.

మా బావమరిది గోడ మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. కలప కోసే మిల్లులో పని. వాడిని ఇంట్లో అందరం తొందర అంటాం. చెప్పులు వేసుకోవడం అయిపోకముందే నడక మొదలుపెట్టే రకం. మూతి మీద మీసం రానప్పటి నుంచీ నా వెంట వేటకు వస్తున్నాడు. తుపాకీ పట్టడం నేనే నేర్పాను.

"బావా, మా అక్కను కూడా ఇలాగే ఈల వేసి పిలుస్తావా?" అనేవాడు.

వంటింట్లోంచి మా ఆవిడ జవాబు చెప్పేది. "నన్నెందుకు పిలవడం? మూత చప్పుడు చేస్తే చాలు, మీ బావే తోక ఊపుకుంటూ వస్తారు."

ఆ మాటకు వాడు గోడ మీంచి పడబోయాడు. నేను కూడా నవ్వాను. ఆ రోజులు అలా ఉండేవి.

ఈమధ్య వాడు కొత్త తుపాకీ కొన్నాడు. నాది నాన్న నాటిది, గొట్టం మధ్యలోంచి కిందికి వంగే మడత తుపాకీ. విప్పి తోటా పెట్టి మూస్తే, పళ్ళు లేని ముసలాయన నోరు మూసినట్టు మెత్తగా మూసుకుంటుంది. వాడిదీ మడతదే గాని కొత్తది, బిగుతుగా ఉంటుంది. మూస్తే టక్కుమని ఇనుప తలుపు వేసినట్టు మోగుతుంది. సాయంత్రాలు నేను పొయ్యి దగ్గర కూర్చుని నా తుపాకీ తుడుచుకుంటుంటే పిసరు నా బూటు మీద తల పెట్టి నిద్రపోయేది. దానికి తుపాకీ అంటే నూనె వాసన, పాత గుడ్డ. అంతే.

నా పని కంచెలు వేయడం. గుంజలు పాతి, తీగ లాగి బిగించడం. ముక్కు అయిపోయి, చప్పుడు అయిపోయి, ఇక తుపాకీ ఒక్కటే మిగిలిన సమయంలో దూరంగా ఓ గొర్రెల మందకు కంచె వేసే పని వచ్చింది. ఓ వారం అక్కడే ఉండాలి. వెళ్ళేముందు ఇద్దరినీ పిలిచి చెప్పాను.

"నేను లేనప్పుడు దానికి కొత్తది ఏదీ నేర్పకండి. తిండి పెట్టండి, నీళ్ళు పెట్టండి, పేరు పెట్టి పిలవండి. చేనులోకి తీసుకుపోవద్దు."

"మాకు ఆమాత్రం తెలియదా?" అంది మా ఆవిడ.

తొందర పిసరు తల మీద చెయ్యి పెట్టాడు. "దీని మీద ఒట్టు బావా. దీని నీడ కూడా గడప దాటదు."

తిరిగొచ్చిన రోజు పిసరు నన్ను చూసి గింగిరాలు తిరిగింది. అయితే కంచంలో తిండి సగం అలాగే ఉంది. ఎప్పుడూ కంచాన్ని కూడా కొరికే పిల్ల.

"ఏమైంది దీనికి?" అన్నాను.

"మీ మీద బెంగ" అంది మా ఆవిడ, కంచం తీసుకుని లోపలికి పోతూ.

నాకు ఎంత బాగనిపించిందో చెప్పలేను. ఎవరైనా నా మీద బెంగ పెట్టుకున్నారంటే నేను నమ్మడం తక్కువ. కుక్క కదా, నమ్మాను.

తుపాకీ చప్పుడు వినిపించే పని ఒక్కడి వల్ల కాదు. కుక్కను పట్టుకునేది ఒకరు, దూరం నుంచి పేల్చేది ఇంకొకరు. తొందరను అడిగాను. ఇన్నేళ్ళలో దేనికీ ఆగుదాం అనని మనిషి, ఆ రోజు నేల చూస్తూ "ఇంకో నెల ఆగుదాం బావా, పిల్ల చిన్నది కదా" అన్నాడు.

"నువ్వేనా ఆగుదాం అంటున్నది?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. వయసు వచ్చింది, నెమ్మది వచ్చిందనుకున్నాను.

నేను మాత్రం ఆగలేదు. ఆ మబ్బు పొద్దున వాడూ నేనూ పిసరూ కోత అయిపోయిన చేనుకు పోయాం. వాడిని అవతలి గట్టు మీద నిలబెట్టాను. తుపాకీ మడత విప్పే ఉంచాలి. నేను టోపీ ఎత్తినప్పుడే మూసి, ఆకాశంలోకి ఒక్కటే పేల్చాలి. పిల్ల వాసనలో మునిగి ఉన్నప్పుడు దూరపు పేలుడు దానికి ఎక్కడో ఉరిమినట్టు పోతుంది. తర్వాత రోజు రోజుకూ దగ్గరవుతాం. అదీ పద్ధతి.

పిసరు మొదళ్ళ మధ్య ముక్కు పెట్టి పోతోంది. తాడు వెనక పాములా వస్తోంది. తోక ఆగటం లేదు. దొరసాని నడకే. టోపీ ఎత్తాను.

అవతలి గట్టు నుంచి టక్కుమని తుపాకీ మూసుకున్న చప్పుడు వచ్చింది. గాలి లేని పొద్దు కదా, పక్కనే మూసినంత తేటగా వినిపించింది.

పిసరు పడిపోయింది. ఎవరో నాలుగు కాళ్ళూ ఒక్కసారే లాగేసినట్టు. పొట్ట నేలకు కరిపించి, చెవులు వెనక్కి పెట్టి, కళ్ళు మూసేసుకుంది. దాని కింద నేల తడిసింది. ఆ తర్వాత, నేను టోపీ దించేలోగా, తుపాకీ పేలింది.

పిల్ల పరుగు తీసింది, తాడు నా అరచెయ్యి కోసుకుంటూ జారిపోయింది. ఎంత ఈల వేసినా వెనక్కి చూడలేదు. చేను చివర నేను వేసిన కంచెలోనే తాడు చిక్కుకుని దొరికింది. వెళ్ళి పట్టుకుంటే ఒళ్ళంతా వణుకు. నా చేతిని కూడా గుర్తుపట్టలేదు.

తొందర పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"భయం దీని రక్తంలోనే ఉంది బావా" అన్నాడు. "ముసలి కాన్పు పిల్ల కదా. కొన్నిటికి పుట్టుకతోనే గుండె ఉండదు. నువ్వేం చేస్తావు?"

పిల్లను చొక్కాలో దోపుకుని ఇంటికి నడిచాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నన్ను, చొక్కాలోంచి బయటికి కనిపిస్తున్న చెవిని చూసింది. గబగబా వచ్చి పిల్లను తీసుకుని శాలువాలో చుట్టుకుంది. వీపు నిమురుతూ పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది.

ఏమైందని అడగలేదు. ఆ అడగకపోవడం అప్పుడు నాకు పట్టలేదు.

తర్వాతి రోజుల్లో తప్పంతా నా నెత్తినే వేసుకున్నాను. మూతలు తొందరపడి దగ్గరికి తెచ్చానా? చెక్కలు మరీ గట్టిగా చరిచానా? దొరసానిని ఆ వయసులో కాన్పుకు వదలడం పాపమైందా? చచ్చిపోయిన కుక్కను కూడా తిట్టుకున్నాను మనసులో, సత్తువ లేని పిల్లను ఇచ్చి పోయావని. తొందర రోజూ సాయంత్రం వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేవాడు. "బాధపడకు బావా. నీ అంత ఓర్పుగా ఎవరు పెంచారు? రక్తం అంతే" అనేవాడు. ఆ చెయ్యి బరువు నాకు ఓదార్పుగానే ఉండేది.

ఓ రోజు కొత్త మాట తెచ్చాడు. మిల్లు యజమాని పిల్లలు ఆడుకోవడానికి కుక్క కావాలంటున్నారట.

"అక్కడ మంచి తిండి, మెత్తటి పరుపు. తుపాకీ ఊసే ఉండదు. నీ కళ్ళ ముందు ఇలా తిరుగుతుంటే నీకు రోజూ పుండు కెలికినట్టే కదా."

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "అదే మంచిదేమో" అంది. తన చేత్తో పాలు పట్టి బతికించిన పిల్ల. అంత తేలిగ్గా ఎలా అందా అని ఆశ్చర్యపోయాను. నా కోసం మనసు రాయి చేసుకుందనుకున్నాను. ఆదివారం భోజనానికి వచ్చి, తిన్నాక తీసుకుపొమ్మని వాడికి చెప్పాను.

మర్నాడు కంచె పని మీద ఉన్నాను. తీగ బిగిస్తున్నప్పుడు అది తెగబోయే ముందు ఒక సన్నటి కూత పెడుతుంది. ఆ కూత వినగానే నేను మొహం పక్కకు తిప్పేస్తాను. ఒకప్పుడు తీగ తెగి చెంప చీల్చింది కాబట్టి. కొత్తగా పనిలోకి వచ్చినవాడు తిప్పడు. వాడికి ఆ కూతకు అర్థం తెలియదు. తెగాక ఎగిరి పడతాడు.

పట్టకారు అలాగే చేతిలో పట్టుకుని ఆగిపోయాను.

పుట్టుకతో వచ్చిన భయమైతే పేలుడు విన్నాక రావాలి. పిసరు పేలుడు దాకా ఆగలేదు. దానికి ముందే పడిపోయింది. తుపాకీ మూసుకున్న చప్పుడుకు పడిపోయింది. ఆ చప్పుడు తర్వాత ఏం వస్తుందో దానికి ముందే తెలుసు. అది రక్తం చెప్పే సంగతి కాదు. ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నా ముసలి తుపాకీని విప్పి మూశాను. బూటు మీద తల పెట్టుకున్న పిసరు ఒక కన్ను తెరిచి, మూసుకుంది. నా తుపాకీ కాదు. ఇక ఈ ఇంటి గడప తొక్కే తుపాకీ ఇంకొకటే ఉంది.

అప్పటికే నాకు తెలిసిపోయింది. తెలిసినా తెలియనట్టు ఉండాలనిపించింది. వాడు పొరపాటున ఎక్కడో పెరట్లో పేల్చి ఉంటాడు, భయపడి చెప్పలేక ఉంటాడు. అలా సర్దిచెప్పుకుంటూ ఆదివారం దాకా వచ్చాను. కబురు మాత్రం ఒకటి పంపాను. వచ్చేటప్పుడు నీ తుపాకీ తెచ్చుకో, బిగుతుగా ఉందన్నావుగా, నూనె వేసి ఇస్తాను అని.

ఆదివారం తొందర వచ్చేసరికి ఇంట్లో మాంసం ఉడుకుతోంది. ఉల్లిపాయల వాసన గది నిండా ఉంది. మా ఆవిడ పొయ్యి దగ్గర, నేను బల్ల దగ్గర. పిసరు పొయ్యి ముందు గోనెపట్టా మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంది. కలలో దేన్నో తరుముతోంది, గోళ్ళు కదులుతున్నాయి.

"మహారాణిలా పడుకుంది చూడు. పెళ్ళివారింటికి పోతున్నట్టు తెలిసిపోయిందేమో" అన్నాడు తొందర.

"మరి నీ బట్టలేమిటి అలా ఉన్నాయి? పిల్లను తీసుకుపోయే వాడివి, కాస్త రంపపు పొట్టు దులుపుకుని రావచ్చు కదా" అంది మా ఆవిడ.

"పొట్టు దులిపితే నేనే మిగలనక్కా, అంతా అదే." తుపాకీని సంచీలోంచి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. "కాస్త సుతారంగా చూడు బావా, దాని ధర నాకంటే ఎక్కువ."

మడత విప్పి, ఖాళీగా ఉందని చూసుకుని, కీలు దగ్గర నూనె చుక్కలు వేశాను. గుడ్డతో తుడిచాను. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, పక్కింటి వాళ్ళ పైకప్పు గురించి. నేను ఎడమ చెయ్యి గొట్టాల కింద, కుడి చెయ్యి వెనక కట్టె మీద పెట్టాను. పిల్ల వైపు చూడలేదు. నాకు తెలుసు, మూశానంటే ఆ పిల్ల నిద్రలోనే చచ్చినంత పని అవుతుంది. నిజం చెప్పాలంటే మూస్తానో లేదో కూడా నాకు తెలియదు. గొట్టాలు కొద్దిగా పైకి లేచాయి.

"వద్దు!" అంది మా ఆవిడ. గరిటె చేతిలోంచి జారబోతే పట్టుకుంది. "దాని ముందు మూయొద్దు."

నా చేతులు అలాగే ఆగిపోయాయి. తొందర తల వంచేశాడు.

"ఎందుకు?" అన్నాను.

"భయపడుతుంది కదా."

"పేలుడుకు భయపడుతుందని చెప్పాను. మూసినా భయపడుతుందని నీకు ఎవరు చెప్పారు?"

ఆమె గరిటెను గిన్నెలో పెట్టి మళ్ళీ తీసింది. ఆ పొద్దున చేనులో ఉన్నది నేనూ తొందరా మాత్రమే. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. చప్పుడుకు ముందే భయపడింది ఆ ఇంట్లో కుక్క ఒక్కటే కాదు.

వాడి సంగతి నేను మనసులో సర్దుకుని వచ్చాను. ఈమె సంగతి నేను అనుకోలేదు.

"అక్కను ఏమీ అనకు బావా" అన్నాడు తొందర. "నేనే."

"చెప్పు."

"నువ్వు గొర్రెల పని మీద ఉన్నప్పుడు మా యజమాని ఇటు వచ్చాడు. పిసరును చూసి, ఇదా ఆ దొరసాని కూతురు, ఎలకలా ఉంది అన్నాడు. అందరి ముందూ నవ్వాడు. నాకు రోషం వచ్చింది. నీ కుక్కను అంటే నిన్ను అన్నట్టే కదా. ముక్కు ఒక్కటే చూపిద్దామని చేనుకు తీసుకుపోయాను."

"ముక్కు చూపించడానికి తుపాకీ ఎందుకు?"

వాడు చొక్కా మీది రంపపు పొట్టు దులుపుకున్నాడు.

"ఎందుకురా?"

"అలవాటుగా భుజాన వేసుకున్నాను. పిట్ట లేచింది. ఆయన పక్కన ఉన్నాడు. చెయ్యి ఆగలేదు బావా."

"పిల్ల ఎక్కడుంది అప్పుడు?"

"నా ముందే."

"దాని తల మీంచి పేల్చావా?"

"రెండు గొట్టాలూ" అన్నాడు. గొంతు వినిపించలేదు, పెదవులు కదలడం చూశాను.

మా ఆవిడ పొయ్యి మంట తగ్గించింది. నా వైపు తిరగకుండానే చెప్పింది. "పిల్లను ఒళ్ళంతా ముళ్ళతో తీసుకొచ్చాడు. మీరు వచ్చేలోగా బాగుచేద్దామన్నాడు. రోజూ కంచం ముందు ఖాళీ తుపాకీ మూసి రొట్టె ముక్క వేసేవాడు, మీరు మూతలతో చేసినట్టు. అది రొట్టె ముట్టలేదు. కంచమే మానేసింది. నేను వద్దన్నాక ఆపాడు."

"అయితే బెంగ కాదు."

ఆమె ఈసారి తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు. "చెబుదామనే నోరు తెరిచాను. మీరు గుమ్మంలో ఉన్నారు, అది మీ మీద ఎగురుతోంది. బెంగ అనేశాను. మీ మొహం అలా వెలగడం ఎన్నాళ్ళయిందో. ఇక తర్వాత ఎలా చెప్పను? చెబితే వీడి మొహం చూడరు. నాకు మిగిలింది వీడొక్కడే."

"నేను దొరసానిని తిట్టుకున్నాను" అన్నాను. "చచ్చిన కుక్కను. మీరిద్దరూ చూస్తూ ఊరుకున్నారు. భుజం మీద చెయ్యి వేశావు కదరా, రోజూ వచ్చి."

తొందర తన చేతిని చూసుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

నాకు ఇంకా చాలా అనాలని ఉంది. మాటలు రావడం నాకు ఎప్పుడూ ఆలస్యమే. అప్పుడు వాడు చెప్పిన వాటిలో ఒక ముక్క, గొంతులో ఇరుక్కున్న ముల్లులా మళ్ళీ కదిలింది. పిట్ట లేచింది అన్నాడు. కుక్క ముందుంది అన్నాడు.

"పిట్ట దానంతట అది లేచిందా?" అని అడిగాను.

వాడికి అర్థమైంది. వేటగాడు కదా, నేను నేర్పినవాడే.

"లేదు బావా" అన్నాడు. "పిసరు నిలబడింది."

మా ఆవిడకు ఆ మాట కొత్త. మా ఇద్దరి వైపు మార్చి మార్చి చూసింది.

"గేలం కర్ర రెక్క చూసి నిలబడ్డట్టు కాదు. కంటికి ఏమీ లేదు, ఒట్టి గడ్డి. తల ఒక్కసారి ఇలా తిప్పింది. అంతే, బిగుసుకుపోయింది. తోక కూడా. మా యజమాని నోరు మూసుకున్నాడు. చాలాసేపు నిలబడింది బావా, కదల్లేదు. నేనే ఆగలేకపోయాను."

"ఏ కాలు?"

"ఎడమ."

కుక్క జీవితంలో మొదటిసారి అలా నిలబడటం ఒక్కసారే జరుగుతుంది. నేర్పితే వచ్చేది కాదు. దాని లోపల ఉన్నది ఒక రోజు లేచి నిలబడుతుంది, ఎందుకు నిలబడ్డానో దానికే తెలియదు. దాని కోసమే మిగతాదంతా. ఉన్ని టోపీ, పాల వత్తి, మూతలు, చెక్కలు, ఆ పొద్దులన్నీ. దొరసాని మొదటిసారి నిలబడ్డప్పుడు మా నాన్న నా పక్కన ఉన్నాడు. పిసరు నిలబడ్డప్పుడు రంపపు మిల్లు యజమాని ఉన్నాడు. ఆ తర్వాత ఇన్ని రోజులూ, ఆ ముక్కు దీనికి ఉందని తెలిసి కూడా, రక్తంలో లేదని తొందర నాకు చెబుతూ వచ్చాడు.

తుపాకీని విప్పింది విప్పినట్టే బల్ల మీద పెట్టాను. నడుం విరిగిన మనిషిలా పడి ఉంది.

"పిల్ల ఎక్కడికీ పోదు" అన్నాను.

"బావా, ఇక అది వేటకు..."

"పనికిరాదు. తెలుసు. అయినా పోదు." మా ఆవిడ వైపు చూడకుండా అన్నాను, "వడ్డించు."

ఆమె కంచాలు తెచ్చింది, ఒక్కొక్కటి, చప్పుడు కాకుండా. మాంసం గిన్నె దించి మూత తీసి, ఆ మూతను పొయ్యి పక్కన గుడ్డ మీద బోర్లించింది. తొందర లేవబోయాడు. ఆమె వాడి ముందు కూడా కంచం పెట్టింది. నేను పొమ్మనలేదు, ఉండమనలేదు. వాడు కూర్చున్నాడు.

రొట్టె తుంచుకున్నాం. తుపాకీ మా మధ్య నోరు తెరుచుకుని అలాగే ఉంది. దాన్ని తీసి సంచీలో పెట్టాలంటే ముందు మూయాలి. ఎవరూ ముట్టుకోలేదు.

మాంసం వాసనకు పిసరు లేచింది. ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుని, బల్ల కిందికి వచ్చి, నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. తొందర చెయ్యి, రొట్టె ముక్కతో, బల్ల అంచు కిందికి పోబోయింది. మధ్యలో ఆగింది. ఆ ముక్కను మళ్ళీ తన కంచంలోనే పెట్టుకున్నాడు.

మా ఆవిడ కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఉప్పు డబ్బా పొయ్యి గట్టు మీద, మా ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ లేచి తేలేదు. అలాగే తిన్నాం.